శాంతమ్మ మానేసిన గోలీలు

శాంతమ్మత్త మందు గోలీలు మానేసి మూడు వారాలైందని నాకు మంగళవారం సాయంత్రం తెలిసింది. మానేసింది నా వల్లేనని తెలియడానికి ఇంకో పది నిమిషాలు పట్టింది.

కోదాడలో నేను పాఠాలు చెప్పే స్కూలు ముగించుకుని, చిలుకూరులో ఆటో దిగి ఇంటికి నడుస్తున్నాను. ఆమె తన ఇంటి గడప మీద కూర్చుని దగ్గుతోంది. పేగులన్నీ కదిలించుకుని పైకొచ్చే ఆ దగ్గు నాకు బాగా తెలుసు. నిరుడు వానాకాలమంతా నేనూ అట్లాగే దగ్గాను. శాంతమ్మత్తకు టీబీ అని మా వాడకంతా తెలుసు, ఆశా వర్కర్ వచ్చి గోలీలు ఇచ్చి పోతుంది. నాకు వచ్చింది కూడా టీబీయేనని మాత్రం మా అమ్మకూ నాకూ తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు.

"గోలీలు వేసుకుంటున్నవా అత్తా?" అన్నాను.

"ఇంకేం గోలీలు బిడ్డా, బంద్ పెట్టిన. ఆశా పిల్లకు మింగిన్నని చెప్పి పెట్టెల దాస్తున్న," అంది, ఏదో ఘనకార్యం చేసినట్టు. "నిన్ను లేపిన దేవుడు నన్ను లేపడా? మీ అమ్మ సాక్ష్యం చెప్పిన దినమే అనుకున్న, నాకు ఇశ్వాసం తక్కువైందని."

మా మందిరంలో ప్రతి ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలుంటాయి. దేవుడు తనకు చేసిన మేలును ఎవరైనా లేచి నలుగురికీ చెప్పవచ్చు. మూడు వారాల కిందట మా అమ్మ సుమతి నన్ను పక్కన నిలబెట్టుకుని చెప్పింది. "నా బిడ్డ ఎండు పుల్లయింది. డాక్టర్లు చేతులెత్తేసిన్రు. మీరంతా ఇరవై ఒక్క రోజులు ఉపవాసముండి ప్రార్థన చేస్తే దేవుడు లేపిండు." అందరూ ఆమెన్ అన్నారు. ఆడవాళ్లు ఏడ్చారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. అది చూసి ఎంత అణకువ అని మెచ్చుకున్నారు కూడా.

నిజానికి ఏ డాక్టరూ చేతులెత్తలేదు. కోదాడ దవాఖానలో తెలిసినవాళ్లు తగులుతారని అమ్మ నన్ను సూర్యాపేట తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ కాగితాల మీంచి తల కూడా ఎత్తకుండా, "ఆరు నెలలు ఒక్క రోజు తప్పకుండా మింగు, తగ్గిపోతది," అంది. రోజూ పొద్దున్నే పరగడుపున, తలుపేసుకుని మూడు గోలీలు మింగాను. మొదటిరోజు నాకు మూత్రం ఎర్రగా వస్తే అమ్మ హడలిపోయి బాత్రూం బయటే మోకరించింది. గోలీల రంగు అట్లాగే పోతుందని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంటే ఆ ప్రార్థన ఒకటి మిగిలేది.

నేను ఆరో తరగతికి లెక్కలు చెప్తాను. స్టెప్పులు రాయకుండా జవాబు మాత్రం రాస్తే, అది ఎంత ఒప్పయినా సగం మార్కులు కోసేస్తాను. అదే నేను, నా ప్రాణం సంగతి వచ్చేసరికి మధ్యలోని నూట ఎనభై స్టెప్పులు మా అమ్మ చెరిపేస్తుంటే కిమ్మనకుండా నిలబడ్డాను. సిగ్గుతో నాకు మొహం మండిపోయింది.

"అత్తా, నాకొచ్చింది కూడా టీబీయే. నేనూ ఇవే గోలీలు మింగిన. ఆరు నెలలు."

ఆమె నా చెయ్యి పట్టుకుని నవ్వింది. "నా మీద జాలితోని అంటున్నవ్."

దవాఖాన కార్డు చూపిద్దామంటే దాన్ని అమ్మ ఎప్పుడో పొయ్యిలో పెట్టింది. ఒట్టేసి చెప్పాను. శాంతమ్మత్త నవ్వడం ఆపేసింది. "దేవుని సన్నిధిల, సంఘం అంతా ఇంటుండంగ చెప్పిన మాట అది. అది అబద్ధమైతదా? నువ్వు గీ గడపల నిలబడి చెప్తే నిజమైతదా? నా ఇశ్వాసం చెడగొట్టకు, పో."

బుధవారం మా పాస్టర్ కృపాకర్ అయ్యగారి దగ్గరకు పోయి జరిగిందంతా చెప్పాను. ఆయన మంచివాడు. మందులు మానమని ఎవరికీ ఏనాడూ చెప్పలేదు. విని ఆయన మొహం పాలిపోయింది.

"శాంతమ్మతో నేను మాట్లాడతానమ్మా. నువ్వు సంఘంలో లేచి చెప్పడం ఎందుకు? మీ అమ్మగారి మాట పోతుంది. కొత్తగా నమ్ముకున్నవాళ్లు తొట్రిల్లుతారు," అన్నారు.

ఆయన మాట తప్పలేదు. గురువారం పోయి మాట్లాడారు. "అయ్యగారూ, మీ ఇశ్వాసం గూడ తక్కువైందా?" అని శాంతమ్మత్త ఆయన కోసమే ప్రార్థన చేసి పంపిందట. ఈ సంగతి ఆయన నాకు చెప్పలేదు, ఆమే గర్వంగా చెప్పింది. మధ్యమధ్య దగ్గుతూ చెప్పింది. ఆ దగ్గు వింటుంటే నాకు భయమేసింది. మధ్యలో మానేస్తే జబ్బు మందుకు లొంగకుండా ముదురుతుందని సూర్యాపేటలో గోడ మీద రాసి ఉండేది. లైన్లో నిలబడి నిలబడి ఆ అక్షరాలు నాకు కంఠతా వచ్చేశాయి.

శనివారం మధ్యాహ్నం అమ్మ చింతచిగురు ఏరుతుంటే ఎదురుగా కూర్చుని చెప్పేశాను. "రేపు నేను సాక్ష్యం చెప్త."

అమ్మకు వెంటనే అర్థమైంది. చాట పక్కన పెట్టింది. "మిర్యాలగూడోళ్లకు తెలిస్తే?"

మిర్యాలగూడ రైసుమిల్లులో గుమాస్తాగా చేసే ఒకబ్బాయితో నాకు సంబంధం కుదిరింది. వచ్చే నెలలో ఒప్పందం, అంటే నిశ్చితార్థం.

"తెలిస్తే తెలవనీ. తగ్గిపోయిన జబ్బే గదా."

"టీబీ వచ్చిన పిల్లను ఎవడు చేసుకుంటడే? మీ నాయిన పోయినంక నిన్ను ఎట్ల సాదిన్నో నీకెరుకేనా? నలుగురు ఎట్లుంటే మనం గట్ల ఉండాలె. నువ్వొక్కదానివే తెలివిగలదానివా? దేవుడు నిన్ను ఎందుకు బతికించిండో అదన్నా ఆలోచించు."

ఆలోచించకుండా ఎట్లా ఉంటాను? సూర్యాపేట బస్సులో మొహానికి చున్నీ చుట్టుకుని కూర్చున్న ప్రతిసారీ నన్ను నేను అడుక్కున్నది అదే. నేను బతికితే దేనికి? బాగయ్యాక ఆ కష్టం కూడా లేకుండా అందరూ తలా ఒక జవాబు చేతిలో పెట్టారు. దేవుని మహిమ కోసమని ఒకరు, అమ్మ కన్నీళ్లు చూసి అని ఒకరు, పెళ్లి రాసిపెట్టి ఉందని ఒకరు. అన్నిటికీ తలూపాను. ఇప్పుడు నా కథ నమ్మి ఒక మనిషి చచ్చిపోతే, నేను బతికినదానికి ఆ జవాబుల్లో ఏదీ సరిపోదు. సరిపోయేది నేనే వెతుక్కోవాలి.

"ఆలోచించే చెప్తున్న అమ్మా," అన్నాను. అమ్మ మళ్లీ చాట ముందుకు లాక్కుంది.

ఆదివారం పాటలయ్యాయి. అయ్యగారు "ఎవరైనా సాక్ష్యం చెప్పేవారుంటే" అనగానే లేచాను. ముందుకు పోయి మైకు పట్టుకున్నాను. అమ్మ ఆడవాళ్ల వైపు మూడో వరసలో కూర్చుని ఉంది. శాంతమ్మత్త గోడకు ఆనుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మీరు నా కోసం ఉపవాసమున్నది నిజం. అది నేను బతికినన్ని రోజులు మర్చిపోను. కానీ నాకు వచ్చింది టీబీ. సూర్యాపేట పెద్ద దవాఖానల గోలీలిచ్చిన్రు. నూట ఎనభై రోజులు మింగిన. ఏ డాక్టరూ చేతులెత్తలేదు."

మందిరం ఒక్కసారిగా గుసగుసలతో నిండిపోయింది. ఎవరో సైగ చేసినట్టున్నారు, కీబోర్డు దగ్గరున్న శ్రీనన్న పాట ఎత్తుకోబోయాడు.

"కీబోర్డు ఆపు శ్రీనన్నా, ఇంకా అయిపోలే," అన్నాను. మైకులో గట్టిగా వినిపించింది. అతను చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

సంఘ పెద్ద నర్సయ్య తాత కూర్చున్న చోటి నుంచే అన్నాడు. "దేవుని మహిమ తక్కువ చేస్తున్నవ్ పిల్లా. కూసో."

"తక్కువ చేస్తలేను తాతా. ఆ దవాఖానకు నన్ను తోలింది గూడ ఆయనే అనుకుంట. కానీ గోలీలు మింగిన సంగతి దాచి చెప్పినం. ఆ మాట నమ్మి శాంతమ్మత్త మూడు వారాల సంది గోలీలు మానేసింది. అత్తా, గడపల చెప్తే నమ్మనంటివి. ఇప్పుడు దేవుని సన్నిధిల, సంఘం ముందట చెప్తున్న. నువ్వు గోలీలు మింగాలె."

ఆమెన్ అని ఒక్కరూ అనలేదు. అయ్యగారు చేతిలోని బైబిలు వైపు చూస్తూ ఉండిపోయారు. నేను పోయి నా చోట కూర్చున్నాను. పక్కనున్నావిడ కొంచెం జరిగింది.

ఆరాధన అయ్యాక బయట ఎవరూ నాకు వందనాలు చెప్పలేదు. గేటు దగ్గర మాత్రం గుంపుగా నిలబడి చూస్తున్నారు. శాంతమ్మత్త నేరుగా నా దగ్గరకు వచ్చింది.

"ఆ దినం నీ నోరు పడిపోయిందానే?"

"భయమైంది అత్తా."

"నా పానం మీదికి తెచ్చినవ్ గదే!" ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. తిట్టింది. అందరూ వింటుండగా, ఊపిరాడినంతసేపు తిట్టింది. అవన్నీ నాకు రావలసినవే. ఆయాసం తగ్గాక కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇప్పుడు ఏం జెయ్యాలె? రేపు దవాఖానకు ఎన్ని గొట్టంగ పోవాలె?"

నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఎనిమిదింటికే సూర్యాపేటల ఉండాలె. తొమ్మిదింటికి చీటీలు రాస్తరు, ఆలిశెమైతే లైను గేటు దాటుతది. మింగిన గోలీల అట్టలు పారెయ్యకు, అన్నీ పట్టుకరా. నడుమ మానేసినోళ్లకు తెమడ మళ్లా పరీక్ష చేస్తరు."

గేటు దగ్గరి వాళ్లంతా అమ్మ వైపు తిరిగారు. అమ్మ నా మొహం చూడలేదు. శాంతమ్మత్తనే చూస్తూ, వాళ్లందరికీ వినపడేంత గట్టిగా అంది.

"ఆరు నెలలు దీన్ని తీసుకొని నేనే తిరిగిన వదినా. నాకెరుక. రేపు నీతోని నేనొస్త."