అడ్రసులో లేని మనిషి

నవంబరు పదిహేడు, సోమవారం మధ్యాహ్నం మౌనేష్ ఫోనుకు ఆ మెయిల్ వచ్చింది. అతను బళ్ళారిలో ఒక జీన్స్ వాషింగ్ యూనిట్‌లో పనిచేస్తాడు. పనివేళల్లో ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో పెట్టి లోపలికి పోవాలి. సాయంత్రం ఆరింటికి ఫోను చేతికొచ్చాక చదివాడు. ఇంగ్లీషు సగమే అర్థమైంది. ఆ సగం చాలు, స్కూటరు తీసి సత్యనారాయణపేటలోని ఇంటికి వచ్చేశాడు.

భార్య చమిలా గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. చేతులు తుడుచుకుని ఫోను తీసుకుంది. రెండుసార్లు చదివింది.

"ఏమంటాండారు?" అన్నాడు మౌనేష్.

"నేను ఈ ఇంట్లో లేనంట."

"మరి యాడున్నావంట?"

"అది రాయలేదు."

చమిలాది శ్రీలంకలో కురునేగల దగ్గర ఒక ఊరు. మౌనేష్ జోర్డాన్‌లో బట్టల ఫ్యాక్టరీకి కుట్టు మిషను మీద పనికి పోయినప్పుడు ఆమె అదే లైనులో క్వాలిటీ చెకర్. నాలుగేళ్లు అతను కుట్టిన ప్యాంట్లలో తప్పులు పట్టి వెనక్కి పంపింది. ఆ తర్వాత పెళ్లి చేసుకుంది. పెళ్లి కొలంబోలో రిజిస్టరయింది. భారతీయుడి భార్యగా ఏడాది వీసా తీసుకుని బళ్ళారికి వచ్చింది. వీసా గడువు నవంబరు ఇరవై ఎనిమిది. పొడిగింపు కోసం అక్టోబరులోనే పదకొండు కాగితాలతో దరఖాస్తు పంపింది. మిగిలింది ఒక్కటే: భార్యాభర్తలు ఒకే ఇంట్లో ఉంటున్నారని స్థానిక పోలీసులు చూసి రాయడం. వాళ్లు చూసి రాశారు. దరఖాస్తుదారు ఈ అడ్రసులో నివసించడం లేదు అని రాశారు. ఏడు రోజుల్లో కొత్త రిపోర్టు రాకపోతే దరఖాస్తు మూసేస్తామని, గడువులోపు దేశం వదిలి వెళ్లాలని మెయిల్‌లో ఉంది.

"పోతే పోదాం, మళ్లా కొత్త వీసా తెచ్చుకుందాం" అన్నాడు మౌనేష్.

"అబద్ధం అడ్రసు ఇచ్చిందని నా పేరు మీద రాసిపెట్టుకుంటారు. కొత్త వీసా అడిగితే ఫస్టు అదే తీస్తారు. నేను పోను."

మర్నాడు ఇద్దరూ జిల్లా పోలీసు ఆఫీసుకు వెళ్లారు. విదేశీయుల కాగితాలు చూసే క్లర్కు యశోద ఫైలు తెరిచి కంప్యూటరు వీళ్ల వైపు తిప్పింది. రిపోర్టు కన్నడంలో ఉంది. మౌనేష్ చదివాడు. పన్నెండో తేదీ, బుధవారం, పదకొండున్నరకు కానిస్టేబుల్ ప్రవీణ్‌కుమార్ వచ్చాడు. ఇంటికి తాళం ఉంది. ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఇరుగుపొరుగును విచారించాడు. ఎదురింటి కొట్రమ్మ, అరవైమూడేళ్లు. మూలమీది అంగడి హనుమప్ప, యాభై ఎనిమిదేళ్లు. విదేశీ స్త్రీ ఎవరూ ఆ ఇంట్లో లేరని, ఎప్పుడూ చూడలేదని ఇద్దరూ చెప్పారు.

పన్నెండో తేదీన చమిలా, అత్త దుర్గక్క దోణిమలైలో ఉన్నారు. మౌనేష్ అక్క కూతురికి పేరు పెట్టారు ఆ రోజు. మౌనేష్ ఫోను గేటు దగ్గర పెట్టెలో ఉంది.

"నేనేం మార్చేకి రాదమ్మా" అంది యశోద. "అదే స్టేషన్ ఇంకో రిపోర్టు పంపల్ల. సాక్షుల మాట మారితే రిపోర్టు మారుతాది."

బయటికి రాగానే మౌనేష్ గొంతు లేచింది. "కొట్రమ్మవ్వ! ఈడ మన పెండ్లి భోజనానికి తీపి హోళిగలు చేసింది ఆమె. నిన్ను చూడలేదంటాదా? ఇప్పుడే పోయి అడుగుతా."

"నువ్వు సుమ్నే ఉండు" అంది చమిలా. "నువ్వు అరిస్తే ఆమె తలుపేసుకుంటాది. తలుపేసుకుంటే నాకు సంతకం రాదు."

ఫ్యాక్టరీలో ఆమె నేర్చుకున్నది అదే. ప్యాంటులో కుట్టు ఊడితే లైను మొత్తాన్ని తిట్టి లాభం లేదు. ఏ మిషను దగ్గర ఊడిందో కనుక్కుని అక్కడికి పోవాలి.

కొట్రమ్మ పొయ్యి దగ్గర జొన్నరొట్టె తడుతోంది. చమిలా పక్కన కూర్చుంది.

"అవ్వా, పోయిన బుధవారం పోలీసాయన వచ్చినాడా?"

"వచ్చినాడు. పంపించేసినా." రొట్టె తిప్పి పెనం మీద వేసింది. "కాయితంలో చూసి బారెడు పేరు చదివినాడు. ఎదురింట్లో శ్రీలంక ఆమె ఉందా అనె. గొత్తిల్లప్పా, మాకు తెలీదు, అట్లాంటోళ్లు ఎవురూ లేరు అంటి. హనుమప్పను అడిగితే ఆయప్పా అదే చెప్పినాడు. ఇద్దరిదీ ఒకటే మాట. ఏం చేస్తాడు? పోయినాడు."

సాయం చేసిన మనిషి గొంతు అది.

"యాల అట్ల చెప్పినావు?"

కొట్రమ్మ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "నువ్వే గదా పాపా చెప్పింది, నీ వీసాలో పని చేసేకి లేదని. నా రైకలు నాలుగు కుట్టి ఇస్తివి. హనుమప్ప కోడలికి రెండు. ఎవురో పోయి చాడీ చెప్పినారు, నిన్ను పట్టుకొనేకి వచ్చినారు అనుకొంటిమి. నిన్ను పట్టిస్తామా?"

ఆ వీధికి ఆ మాట కొత్త కాదు. పర్మిట్లు లేని ఖనిజం లారీలు రాత్రింబవళ్లు తిరిగిన రోజుల్లో వీధిలో సగం మంది డ్రైవర్లు. పోలీసులు ఫలానావాడు ఎక్కడ అని వస్తే మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా ఒకటే జవాబు: గొత్తిల్ల. చమిలా మామ లక్ష్మన్న బతికి ఉండగా ఆ జవాబు వల్ల మూడుసార్లు బయటపడ్డాడు. ఆ సాయంత్రం సంగతి విన్నాక దుర్గక్క నుదురు కొట్టుకుని అంది: "నా మొగుణ్ణి ఇంట్లో ఉంచిన మాట, నా కోడల్ని ఊరు దాటిస్తాంది."

"ఆ మాట వల్ల నేను ఇరవై ఎనిమిదికి పోవల్ల అవ్వా" అంది చమిలా కొట్రమ్మతో.

"యాడికి?"

"మా దేశానికి."

కొట్రమ్మ చేతిలో పిండిముద్ద అట్లాగే ఉండిపోయింది. పెనం మీద రొట్టె మాడింది.

"నువ్వు స్టేషనుకు వచ్చి, నేను ఈడే ఉండానని చెప్పల్ల."

"చెప్తే? ముసల్దానా, ఆ రోజు అబద్ధం ఎందుకు చెప్పినావంటే?"

"నా కుట్టుపని సంగతి చెప్పు."

"నీకేమన్నా తల తిరిగిందా? దాన్ని దాచేకే గదా మేము చెప్పింది!"

సాయంత్రం చమిలా ఇంట్లో అందరూ చేరారు. హనుమప్ప దగ్గర ఉపాయం ఉంది. "కొట్రమ్మకు చెవుడు అని చెప్తాం. నాకు ఆ పొద్దు జ్వరం. ఏం అడిగినారో తెలీలేదు. అయిపాయె."

"ఎవురికిరా చెవుడు?" అంది కొట్రమ్మ.

మౌనేష్‌కు ఆ ఉపాయం నచ్చింది. దుర్గక్కకూ నచ్చింది. చమిలా తల అడ్డంగా ఊపింది.

"వాళ్లు ప్రతి ఏడాదీ వస్తారు మామా. చెవుడు ఎవరికి పెట్టినామో, జ్వరం ఎవరికి పెట్టినామో ప్రతి ఏడాదీ గుర్తు పెట్టుకోవల్ల. నాతో కాదు. జరిగింది చెప్తాం."

"అట్లయితే నేను రాను" అన్నాడు హనుమప్ప. "స్టేషన్ మెట్లు ఎక్కిన వంశం కాదు మాది." ఆయన వస్తే తానూ వస్తానంది కొట్రమ్మ.

బుధవారం పొద్దున ఏడింటికి హనుమప్ప అంగడి తీసేసరికి చమిలా ముందున్న బండ మీద కూర్చుని ఉంది. ఒడిలో కాగితాల ఫైలు. ఏమీ అడగలేదు. మధ్యాహ్నం అన్నానికి పోయి మళ్లీ వచ్చి కూర్చుంది. గురువారం కూడా కూర్చుంది. వచ్చేపోయే వాళ్లు ఊరుకుంటారా? ఒకాయన అననే అన్నాడు:

"ఏమప్పా హనుమప్పా, ఆ పొద్దు మీవాడు లంకకు పోయి సీతను చూసొచ్చినాడు. ఈ పొద్దు లంక నుంచి మనిషి నీ అంగడికే వచ్చి కూర్చునింది. హంపి కిష్కింధ పక్కూరోడివి, ఏదో ఒకటి చెయ్యప్పా."

శుక్రవారం పొద్దున హనుమప్ప అంగడి సగం తలుపు వేశాడు. "లే పాపా, పోదాం. నువ్వు కూర్చుంటే నీ ముందర బీడీకట్ట అడిగేకి మొగోళ్లకు సిగ్గయితాంది. యాపారం పడిపాయె."

స్టేషన్‌లో ఏఎస్సై సిద్ధేశ్ చమిలాను, కొట్రమ్మను, హనుమప్పను బెంచీ మీద కూర్చోబెట్టాడు. మౌనేష్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కానిస్టేబుల్ ప్రవీణ్‌కుమార్‌ను పిలిపించారు. వచ్చీ రాగానే కొట్రమ్మను గుర్తుపట్టాడు.

"ఈ అవ్వే సార్. ఎవరూ లేరని నా మొహం మీద చెప్పింది. ఇప్పుడు నా రిపోర్టు తప్పని మళ్లా నేనే రాయాల్నా?"

"నువ్వు ఇంకోసారి ఇంటికి పోయినావా?" అన్నాడు సిద్ధేశ్.

ప్రవీణ్‌కుమార్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఎందుకు అబద్ధం చెప్పినావమ్మా?" సిద్ధేశ్ కొట్రమ్మను అడిగాడు.

కొట్రమ్మ చమిలాను చూసింది.

"నా కోసం చెప్పినారు సార్" అంది చమిలా. "నేను వీళ్లకు రైకలు కుట్టినా. వీసాలో పని చేసేకి లేదు. దాని గురించి వచ్చినారని భయపడినారు."

సిద్ధేశ్ పాస్‌పోర్టు తీసుకున్నాడు. వీసా పేజీ తెరిచి అందులోని షరతు వేలు పెట్టి చదివాడు.

"ఎన్ని?"

"ఆరు."

"డబ్బులు తీసుకున్నావా?"

"లేదు."

"ఏమీ తీసుకోలేదా?"

"రొట్టెలు ఇచ్చినారు. తిన్నా."

ప్రవీణ్‌కుమార్ నవ్వాడు. సిద్ధేశ్ నవ్వలేదు. పెన్ను బల్ల మీద పెట్టాడు.

"చూడమ్మా. ఇంట్లో ఉండావా లేదా అన్నదే నన్ను అడిగినారు. కుట్టుపని నన్ను అడగలేదు. నేను రాస్తే పైనోళ్లు దాన్ని పట్టుకోవచ్చు. రాయకుంటే ఎవరికీ తెలీదు. చెప్పు, రాయాల్నా?"

గోడ దగ్గర మౌనేష్ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. చమిలా అటు చూడలేదు.

"వీళ్లు ఎందుకు మాట మార్చినారో రాయకుంటే, డబ్బులిచ్చి మార్పించినామని అనుకుంటారు. రాయండి సార్. అడిగితే జవాబు నేను చెప్తా."

సిద్ధేశ్ రాశాడు. పేజీన్నర అయింది. ఆరు రైకలు, రొట్టెలు, ప్రతిఫలంగా డబ్బు లేదు, పోలీసుల రాకకు కారణం తెలియక ఇరుగుపొరుగు తప్పు సమాచారం ఇచ్చారు. చదివి వినిపించాడు. రొట్టెల దగ్గర కొట్రమ్మ అడ్డుపడింది.

"చట్నీ కూడా ఇచ్చినా సార్."

"చట్నీ బ్యాడమ్మా, వద్దులే" అన్నాడు సిద్ధేశ్.

శనివారం పొద్దున ప్రవీణ్‌కుమార్ ఇంటికి వచ్చాడు. బీరువా తెరవమన్నాడు. చమిలా చీరలు, మౌనేష్ చొక్కాలు ఒకే అరలో ఉన్నాయి. వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో ఒక్కొక్కటే చూపించి అడిగాడు. చమిలా చెప్పింది. కందిపప్పు దగ్గర దుర్గక్క తప్పు చెప్పింది, చమిలా సరిదిద్దింది. అతను అదీ రాసుకున్నాడు. తర్వాత చూసిన సంగతులన్నీ ఒక మహజరుగా రాసి, సాక్షులను సంతకం చేయమన్నాడు.

వీధి జనం గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. పోలీసు కాగితం మీద ఆ వీధిలో ఎవరూ ఎప్పుడూ సంతకం పెట్టలేదు. హనుమప్ప పెన్ను తీసుకుని, మూత పెట్టి, మళ్లీ తీశాడు. కొట్రమ్మ అతని చేతిలోంచి పెన్ను లాక్కుంది. రెండో తరగతి దాకా చదివిన మనిషి. ఒక్కో అక్షరానికి ఒకసారి ఊపిరి పీల్చుకుంటూ పేరు రాసింది.

"ఇందా, రాయప్పా. నేను రాసినా, నాకేమన్నా అయ్యిందా?" అని పెన్ను తిరిగి ఇచ్చింది.

హనుమప్ప రాశాడు.

సోమవారం ఇరవై నాలుగున సైబర్ సెంటర్‌లో రిపోర్టు, వివరణ లేఖ ఎక్కించారు. మూడుసార్లు సైటు ఆగిపోయింది. మౌనేష్ రేపు చూద్దామన్నాడు. రేపు గడువు దాటుతుందని చమిలా కుర్చీలోంచి లేవలేదు. నాలుగు నలభైకి, నాలుగోసారి ఎక్కింది.

గురువారం సాయంత్రం జవాబు వచ్చింది. ఏడాది పొడిగించారు. కింద ఒక హెచ్చరిక ఉంది: డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా, అనుమతి లేకుండా ఇతరులకు పని చేయరాదు.

"చూసినావా?" అన్నాడు మౌనేష్. "ఆ మాట చెప్పకుండా ఉంటే ఈ మాట రాయకపోదురు."

"రాయనీ. ఇప్పుడు వాళ్లకు తెల్సు, నాకు తెల్సు" అంది చమిలా.

శుక్రవారం, ఇరవై ఎనిమిదో తేదీన, పొడిగింపు కాగితం తీసుకుని యశోద దగ్గరికి పోయింది. యశోద రిజిస్టరులో రాసుకుని కాగితం తిరిగి ఇచ్చింది. చమిలా లేవలేదు.

"ఇంకేంటమ్మా?"

"అనుమతి లేకుండా పని చేయరాదని రాసినారు మేడం. అనుమతి అడిగేకి ఏ ఫారం?"

యశోద ఆమెను ఒకసారి చూసింది. "అది వేరే దరఖాస్తు. బెంగళూరుకు పోతాది. చానా మందికి రాదు."

"ఏమేం కాగితాలు కావల్ల?" అని చమిలా ఫైలులోంచి తెల్లకాగితం తీసి బల్ల మీద పెట్టుకుంది.