తోట గుమ్మంలో దేవుడు

మా ఆయనకు కోపం గీయడం రాదు. ఇంట్లో కోపమంతా నా వాటాకే వచ్చింది మరి. ఈ సంగతి మా చర్చి గురువుగారికి ముందే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు.

పిల్లల కోసం బొమ్మలతో దేవుడి పుస్తకం వేయడం మా చర్చి అచ్చుకూటంలో అదే మొదలు. "బొమ్మలుంటే అక్షరాలెవరు చూస్తారు?" అని గురువుగారు గొణుగుతూనే ఉన్నారు. చివరికి మా ఆయన్ని ఒక్క బొమ్మ చెక్కి చూపించమన్నారు. అది నచ్చితేనే మిగతావి, లేకపోతే ఉత్త అక్షరాలే.

మా ఆయన తిండీ నిద్రా మానుకుని, దేవుడు తోటలోంచి గెంటేసిన మొదటి ఆలుమగలను చెక్కదిమ్మ మీద చెక్కారు. ఆవిడ భుజాలు ముడుచుకుని ఉంది. అతను గాలికి అడ్డంగా నిలబడ్డాడు. వెనక గుమ్మంలో దేవుడు. కింద ఒకటే మాట: పాపం.

గురువుగారు అచ్చు తీసిన కాగితం ఎత్తి చూశారు.

"ఏంటయ్యా ఇది? కూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు నిలబడ్డాడేంటి దేవుడు? పాపమంటే పిల్లలు హడలిపోవాలి. వద్దులే, ఆ చెక్కను చిత్రిక పట్టి నున్నగా చేసెయ్."

నాకు ఒళ్లు మండింది. మా ఆయన వేళ్లకైన కోతలకు గుడ్డ కట్టింది నేను.

"పిల్లల పుస్తకం కదండీ, పిల్లనే అడగండి" అన్నాను.

గురువుగారి వెంట ఆయన మనవరాలు కూడా వచ్చింది. అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటోంది. ఆయన పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు.

"చదువు తల్లీ."

"పా... పం."

"అంటే ఏంటో చెప్పు."

పిల్ల ఆవిడ మీద వేలు పెట్టింది. "పాపం, చలేస్తోంది."

నాకు నవ్వాగలేదు. గురువుగారు మాత్రం నవ్వలేదు.

"అది కాదమ్మా. వాళ్లు మాట వినలేదు. అందుకని దేవుడు బయటికి పంపేశాడు."

పిల్ల కాగితాన్ని ఇంకా దగ్గరికి లాక్కుంది. ఈసారి గుమ్మంలో ఉన్నాయన మీద వేలు పెట్టింది.

"పాపం" అంది. "అంత తోటలో ఒక్కడే ఉండాలి కదా, తాతయ్యా."

ఆ ఒక్క మాట మీద ఎన్నో ఏళ్లుగా ప్రసంగాలు చెప్పిన మనిషి, కళ్లద్దాలు తీశారు, తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు. ఎందుకో ఆ పెద్దాయన నాకు ముద్దొచ్చారు.

"మిగతా బొమ్మలు ఎప్పటికిస్తావయ్యా?" అని మా ఆయన్ని అడిగారు.

మా ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డారు.

"కాస్త ఆగండి" అన్నాను నేను. "ఏడుపు ఆగాక చెప్తారు."