నడింట్లో ఫ్రెంచి పటాలు

1911 వేసవిలో గుడియాత్తం లుంగీల వ్యాపారి ధనపాల్ సరుకుతో పుదుచ్చేరికి పోయి, స్వదేశానికి వెళ్ళిపోతున్న ఒక ఫ్రెంచి దొర ఇంటి వేలంలో మూడు నూనెరంగుల పటాలు కొనుక్కొచ్చాడు. ఒకదాంట్లో మసిపట్టిన రాగిచెంబు, ఉల్లిగడ్డలు. ఇంకొకదాంట్లో ద్రాక్షగుత్తి, సగం తోలు తీసి వదిలేసిన నిమ్మకాయ. మూడోదాంట్లో తలకిందులుగా వేలాడే చచ్చిన కుందేలు. తాత కాలం నాటి రామపట్టాభిషేకం దించేసి, నడింట్లో వీటిని వరసగా తగిలించాడు.

భార్య పంకజం చీపురు పట్టుకుని కాసేపు చూసింది.

"నిమ్మకాయ తోలు సగం తీసి పడేసి పోయిన ఆడది ఎవురు? చెంబన్నా తోమలేదు. ఇట్లాంటి కొంపను ఒకడు గీసేది, దాన్ని మీరు మోసుకొచ్చేది!"

"నీకేం తెలుస్తాది? ఫ్రెంచి సీమలో జమీందార్ల ఇండ్లల్లో ఉంటాయివి. నేతోళ్ళ ఇంట్లో మగ్గం గుంతలో పుట్టినదానివి, యాడన్నా చూసినావా?"

పంకజం ఊడ్చుకుంటూ పోయింది.

ఆదివారం వేలూరు నుంచి ప్లీడరు నటరాజన్ స్నేహితుడొకరితో భోజనానికి వచ్చాడు. ధనపాల్ పటాలన్నీ చూపించి, వాళ్ళు మెచ్చుకుంటుంటే, "మా ఇంటిది చెంబు తోమలేదంటాది సార్. మగ్గం గుంత బుద్ధి, యాడికి పోతాది?" అన్నాడు. ముగ్గురూ పగలబడి నవ్వారు.

వంటింటి తలుపు వెనక పంకజం అంతా విన్నది. వండిన పప్పుపులుసు, వడలు పక్కకు జరిపింది. ఆకులు వేసి, ఒక్కొక్క ఆకులో తోలు తీయని ఉల్లిగడ్డలు రెండు, సగం చెక్కిన నిమ్మకాయ ఒకటి పెట్టింది. పక్కన మసిచెంబుతో నీళ్ళు.

"ఇదేందమ్మా?" అన్నాడు ప్లీడరు.

"మీరు మెచ్చుకున్నవే పెట్టినాను సామీ. తినండి."

ప్లీడరు ముఖం ఎర్రబడింది. చెయ్యి తడపకుండానే లేచి, స్నేహితుణ్ణి లేపుకుని జట్కా ఎక్కేశాడు.

"నా మానం తీసినావు గదే!" అని అరిచాడు ధనపాల్.

"మీ నాయన కూడా ఆ గుంతలోనే కూర్చుని నేసినాడు. ఆ కూడే మీరు తిని పెరిగినారు. ఆ గుంతను చూసి నగినోళ్ళతో కలిసి నగినారే, అప్పుడే పోయింది మీ మానం."

ధనపాల్ గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

సాయంత్రం నేసిన బట్టలు తెచ్చిన ఎల్లప్పనూ, ఇంకో నలుగురు నేతగాళ్ళనూ పంకజం నడింట్లోకే పిలిచి కూర్చోబెట్టి, వడలూ పులుసూ వడ్డించింది. ధనపాల్ గదిలో ఆకలితో కూర్చుని, పిలుస్తుందేమోనని చాలాసేపు చూశాడు. పిలవలేదు. చివరికి తానే వచ్చి ఎల్లప్ప పక్కన చతికిలబడ్డాడు.

పంకజం ఆయన ముఖం చూడకుండా ఆకు వేసింది.