ఎడమ కన్ను మూసి

మా అబ్బా పేరు అహ్మద్ పాషా. జూలూరుపాడులో దర్వాజలు, కిటికీలు చేసే వడ్రంగి. చెక్క తిన్నగా ఉందో లేదో చూడటానికి ఆయనకు ఏ కొలతబద్దతోనూ పని లేదు. చెక్క కొసను చెంపకు ఆనించుకుని, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో అవతలి కొస దాకా ఒక్క చూపు చూస్తాడు. సీదా అంటే సీదా, వంకర అంటే వంకర. ఆ మాటకు తిరుగు లేదు. ఇళ్లు కట్టించుకునేవాళ్లు మేస్త్రీతో కొట్లాడేవాళ్లు గానీ అబ్బా కంటిని కాదనేవాళ్లు కాదు. దాంతో ఆయనకు కొంచెం తలకెక్కింది కూడా. కూతుర్ని కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

ఆయన పక్కన నేను పుట్టకముందు నుంచీ పనిచేసినవాడు జంపయ్య. అడవి అంచున ఉన్న పల్లె నుంచి రోజూ సైకిల్ మీద వచ్చేవాడు. నేను కాకా అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు. మా ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు. నాకు తెలుగు వచ్చింది బడిలో కాదు, చెక్క పొట్టులో నన్ను కూర్చోబెట్టుకుని పని చేస్తూ కబుర్లు చెప్పిన జంపయ్య కాకా దగ్గరే.

మొన్న వానాకాలంలో అబ్బా ఆయన్ని పనిలోంచి పంపేశాడు.

రామ్‌చందర్ సార్ అని ఒక టీచర్ కొత్త ఇంటికి టేకు దర్వాజ చేయించుకున్నాడు. ఆ ద్వారబంధం నిలువు చెక్కలు రెండూ కాకానే చిత్రిక పట్టాడు. అబ్బా ఎడమ కన్ను మూసి చూసి, "నడుమ వంకరుంది" అన్నాడు. కాకా మళ్లీ పట్టాడు. మళ్లీ వంకరే అన్నాడు. కాకా చెక్క వెంబడి దారం బిగించి చూపించాడు. రెంటికీ మధ్య వెంట్రుక దూరే సందు లేదు. అబ్బా దారాన్ని కూడా ఆ కంటితోనే చూసి, "దారమే వంకర పట్టినవ్" అని కసిరాడు. సార్ ముందరే అనేశాడు: "జంపయ్యా, నీ కన్ను వోయింది. ఇగ నీతోటి కాదు. ఇంటికాడ కూసో."

కాకా ఎదురు చెప్పలేదట. తన కంటికి తిన్నగా కనిపిస్తున్నా, ఉస్తాద్ వంకర అన్నాడంటే తప్పు తన కంటిదేనని నమ్మి సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు. ఇదంతా ఫోన్‌లో అబ్బానే చెప్పాడు. "పాపం, ముసలోడయిండు" అని జాలి కూడా పడ్డాడు. ఇద్దరిదీ ఒకటే వయసు.

కాకా వెళ్లిపోయాక మా దుకాణంలో వంకర కానిదంటూ లేకుండా పోయింది. టేకు వంకర, కొత్తగా వచ్చిన పనివాళ్లు వంకర, రంపం వంకర. వచ్చినవాళ్లు వచ్చినట్టే పోయారు. ఈ కాలంలో ఎవరికీ పని రాదని అబ్బా అందరినీ తిట్టుకుంటూ కూర్చున్నాడు.

నేను హైదరాబాద్‌లో పరిశోధన చేస్తున్నాను. నా సబ్జెక్టు గెలాక్సీల గుంపులు. నా మొదటి పరిశోధన పత్రం అచ్చయిన సంబరంతో డిసెంబరులో ఇంటికి వచ్చాను. ఓ మధ్యాహ్నం దుకాణంలో బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, అంతరిక్షంలోని టెలిస్కోపు తీసిన ఫొటో అబ్బాకు చూపించాను. నల్లని ఆకాశంలో పసుపు పచ్చని చుక్కల గుంపు. ఒక్కో చుక్కా ఒక్కో గెలాక్సీ. గుంపు చుట్టూ విరిగిన చేతి గాజు ముక్కల్లా వంపు తిరిగిన సన్నని నీలం గీతలు.

అబ్బా కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఈ మధ్య అస్తమానం తుడుస్తున్నాడు. పొట్టు పడిందంటాడు.

"ఏంది బేటా, గీతలన్నీ గిట్ల వంకర్లున్నయ్?"

"గీతలు కాదు అబ్బా, అవి కూడా గెలాక్సీలే. ఈ గుంపుకు చానా ఎనక, ఇంకా దూరంల ఉన్నయ్. వాటి వెలుగు మన దాంక రావాలంటే ఈ గుంపు పక్క నుంచే రావాలె. గుంపు బరువు ఆ వెలుగును వంచుతది. అందుకే గట్ల సాగినట్టు కనిపిస్తయ్. ఇగో, ఒక్కటే గెలాక్సీ మూడు చోట్ల కనిపిస్తుంది, చూడు."

"గీ చుక్కలకే గంత బరువుంటదా?"

నేను మురిసిపోయాను. నేను రాసిందంతా దాని గురించే మరి. "ఉండదు అబ్బా. ఈ చుక్కలన్నీ కలిపినా ఆ బరువు రాదు. అసలు బరువంతా కంటికి కనిపించనిది. ఎనకున్నవి ఎంత వంగినయో కొలిచి, నడుమ ఆ కనిపించంది ఎక్కడ ఎంతుందో లెక్క కడత. నా పని అదే."

"అయితే ఎనకున్నది వంకర కాదా?"

"కాదు. నడుమ ఉన్నది వంచుతుంది."

"చూసేటోనికి తెల్వది."

"ఒక్క తావు నుంచే చూస్తే ఎట్ల తెలుస్తది?"

అబ్బా లేచి, గోడకు ఆనించి ఉన్న చెక్క ఒకటి అందుకుని, ఎప్పటిలాగే ఎడమ కన్ను మూసి చూశాడు. తర్వాత, నేను పుట్టి ఎరగని పని ఒకటి చేశాడు. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాడు. మళ్లీ కుడి కన్ను, మళ్లీ ఎడమ కన్ను. చెక్క చేతిలోంచి జారి కింద పడింది.

"నజియా, గీ కంటికి వంకర. గీ కంటికి సీదా."

సంచీలోంచి గళ్ల కాగితం తీసి గోడకు అంటించి, ఎడమ కన్ను చేత్తో మూసుకోమన్నాను. నడుమ గళ్లు లోపలికి జారినట్టు వంగి ఉన్నాయనీ, సరిగ్గా మధ్యలో మసక మచ్చ ఉందనీ చెప్పాడు. మచ్చ ఈ మధ్యే వచ్చిందట. వానాకాలంలో వంకర ఒక్కటే ఉండేదట. రెండు కళ్లూ తెరిచి ఉన్నప్పుడు ఎడమది ఆ లోటును సర్దేసేది. చెక్కను చూసే క్షణంలో మాత్రం కుడి కన్ను ఒంటరిదైపోయి, ఏది పెట్టినా వంచేది. కోట్ల కాంతి సంవత్సరాల అవతల కనిపించనిది కనిపెట్టానని ఊరంతా చెప్పుకున్నదాన్ని, ఇంట్లో మనిషి కంట్లో ఉన్నది కనిపెట్టలేకపోయాను. నా చదువు మీద నాకే ఒళ్లు మండింది.

మర్నాడు ఖమ్మం తీసుకెళ్లాను. కంటి వెనక పొరలో నెత్తురు కారి మచ్చ కట్టిందన్నాడు డాక్టర్. వానాకాలంలోనే వచ్చి ఉంటే ఇంజెక్షన్లతో చూపును చాలావరకు నిలబెట్టగలిగేవాళ్లమనీ, ఇక ఆ కంటికి నడిమి చూపు తిరిగి రాదనీ, ఎడమ కన్నును కాపాడుకోవాలనీ చెప్పాడు. అబ్బా విన్నట్టే లేడు. తిరుగు బస్సు వైరా దాటాక అడిగాడు.

"సార్ ఇంటి దర్వాజ... జంపయ్య చేసింది సీదాగనే ఉండెనా?"

బస్సు దిగి నేరుగా రామ్‌చందర్ సార్ ఇంటికి పోయాం. కాకాను పంపేశాక ఆ నిలువు చెక్కల్ని అబ్బా స్వయంగా చిత్రిక పట్టి తన కంటికి తిన్నగా వచ్చేదాకా చెక్కాడు. నేనో కొస, సార్ ఓ కొస దారం పట్టుకున్నాం. అబ్బా ఈసారి ఎడమ కంటితో చూశాడు. నడుమ వేలు దూరేంత సందు. తలుపు పట్టేస్తోందని సార్‌కు ఎప్పుడో తెలుసు. "వానకు ఉబ్బిందేమో అనుకున్నం పాషా భాయ్" అన్నాడు మొహమాటంగా. వానలు ఆగిపోయి ఎన్నాళ్లయింది! అబ్బా కంటిని కాదనే ధైర్యం ఆయనకూ లేకపోయింది.

"సీదా ఉన్నదాన్ని నేనే చెడగొట్టిన" అన్నాడు అబ్బా. "జంపయ్యను తోలుకరావాలె బేటా. ఇగ కన్ను ఆయనది, చెయ్యి ఆయనది. నేను పక్కన కూసుని ఏది ఎట్ల చెయ్యాల్నో చెప్త. ఆయన రాకుంటే దుకాణం మూసుడే."

కాకాకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. పొద్దున్నే ఆటో మాట్లాడుకుని బయల్దేరాం. దారి పొడుగునా అబ్బా మాఫీ ఎలా అడగాలో నా ముందు చెప్పి చూసుకుంటూనే ఉన్నాడు. ఒకసారి మరీ మెత్తగా వచ్చిందనీ, ఒకసారి దొర మాట్లాడినట్టుందనీ తనకు తానే వంకలు పెట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఎన్నో రోజుల తర్వాత ఆయన హుషారుగా ఉన్నాడు.

కాకా భార్య కళావతి చిన్నమ్మ వాకిట్లో పత్తి ఆరబోస్తోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది గానీ రమ్మని అనలేదు. "ఇప్పుడొచ్చిన్రా" అంది. కాకా పందిరి కింద మంచంలో కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. కుడి చేతి మీద తువ్వాలు కప్పుకుని ఉన్నాడు. ఉస్తాద్‌ను చూసి లేవబోతే అబ్బా భుజం నొక్కి కూర్చోబెట్టి, తనూ పక్కనే కూర్చున్నాడు. దారంతా నేర్చుకున్న మాటలన్నీ మరిచిపోయాడు.

"నీ కన్ను వోలేదు జంపయ్యా, వోయింది నాది. డాక్టర్ చెప్పిండు. నువ్వు చేసింది సీదా. నన్ను మాఫ్ చెయ్యి. లే, పోదాం పా."

కాకా నా వైపు చూసి, "మంచిగున్నవా బిడ్డా" అన్నాడు.

"కోపమా నా మీద? చెయ్యి ఎందుకు దాసుకుంటున్నవ్? ఇటియ్యి" అని అబ్బా తువ్వాలు లాగి ఆ చెయ్యి అందుకున్నాడు. చెక్కను పట్టుకున్నట్టే మొహం దగ్గరికి తెచ్చుకుని, అలవాటు కొద్దీ ఎడమ కన్ను మూసి చూశాడు. చూసి నవ్వాడు.

"చూసినవా జంపయ్యా, నా కుడి కన్ను చేసే పని! నడుమ ఏదుంటే దాన్ని మింగుతది. నీ నడిమి వేళ్లు రెండూ నాకిప్పుడు కనిపిస్తలేవు. గసుంటి కంటితోటి చూసి నిన్ను పనికిరావంటిని."

నేను అబ్బా భుజం పట్టుకున్నాను. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరూ నవ్వకపోయేసరికి అబ్బా ఎడమ కన్ను తెరిచాడు.

వేళ్లు అప్పుడూ లేవు. వాటి మొదళ్ల దగ్గర కొత్త చర్మం ఎర్రగా ముడతలు పడి ఉంది. అబ్బా ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి, రెండూ తెరిచి, మళ్లీ మళ్లీ చూశాడు.

"ఎట్ల?" అన్నాడు చివరికి.

కాకా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"సత్తుపల్లి దిక్కు ఒక సామిల్లుల చేరిన ఉస్తాద్, దూలాలు కోసే మిషన్ మీద. నా కన్ను వోయిందంటివి గద, నాకు అదే భయం పట్టుకుంది. కోత వంకర వోతుందేమోనని గీత మీదికే వంగి చూసుకుంట తోసిన, చెయ్యి ఏడికి వోయిందో చూసుకోలే."

ఉస్తాద్ చేతిలో ఉన్న తన చెయ్యి వైపు చూశాడు.

"కోత సక్కగనే పోతుండె ఉస్తాద్."