రెండు వందల పద్నాలుగో నంబరు బిళ్ళ

నేను ఒక ఇత్తడి బిళ్ళను. అరచేతిలో ఇమిడేంత ఉంటాను. పైన ఒక రంధ్రం, నడుమ 214 అనే అంకె. ఎవరినీ తొందరగా నమ్మను. నేను చేసిన ఉద్యోగం అలాంటిది.

పుట్టింది బొగ్గుబావి వర్క్‌షాపులో. నన్ను ఓదెలు అనే కార్మికుడికి ఇచ్చారు. బావిలోకి దిగేముందు అతను నన్ను బోర్డుకు తగిలించేవాడు, పైకొచ్చాక తీసుకునేవాడు. షిఫ్టు ముగిశాక బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. అప్పుడు ఎవరూ ఇంటికి పోరు. వెతకడానికి మళ్ళీ దిగుతారు. అందుకే బావి దగ్గర ఒక కట్టుబాటు ఉండేది: ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టరాదు.

తర్వాత కార్డులు గీకే యంత్రాలొచ్చాయి. మమ్మల్ని గోనెసంచిలో పోసి మూలకు నెట్టారు. కాలనీ పిల్లలు యువజన సంఘం పెట్టుకున్నప్పుడు ఆ సంచి అడిగి తెచ్చుకున్నారు. సభ్యత్వానికి గుర్తు మేమే. బిళ్ళ చూపించి గేటు పక్క బోర్డుకు తగిలిస్తేనే సంఘం గ్రౌండులోకి రానిస్తారు. ఓటు కూడా బిళ్ళతోనే వేస్తారు. ఓదెలు మనుమరాలు అఖిల తాత నంబరే కావాలని పట్టుబట్టి నన్ను తీసుకుంది.

సంఘం అధ్యక్షుడి పేరు తిరుపతి. వయసు నలభై నాలుగు. పద్దెనిమిదేళ్ళుగా యువజన సంఘాన్ని వదల్లేదు. మనుషులు యవ్వనాన్ని ఏ కొలతతో కొలుస్తారో నాకు తెలియదు.

సంఘానికి నాలుగో రూలు ఒకటుంది. పర్మినెంటు కార్మికుల పిల్లలకే సభ్యత్వం. కాంట్రాక్టు కార్మికుల పిల్లలకు లేదు. వాళ్ళ తండ్రులు దిగేదీ అదే బావి, మింగేదీ అదే దుమ్ము. గేటు మాత్రం వాళ్ళ పిల్లలకు తెరుచుకోదు.

రవళి తండ్రి బావిలో బొగ్గు మోసుకెళ్ళే బెల్టుల కింద రాలిన ముక్కలు ఎత్తే కాంట్రాక్టు కూలీ. రవళి కానిస్టేబుల్ రాతపరీక్ష పాసైంది. యాభై రోజుల్లో పరుగు పరీక్ష. ఊళ్ళో పరుగెత్తే చోటు ఆ గ్రౌండొక్కటే. లోపలికి రానివ్వక ఆమె టిప్పర్లు తిరిగే రోడ్డు మీద పరుగెత్తేది. ఒక టిప్పరు రాసుకుంటూ పోయి మోచేయి చీరుకుపోయిన రోజు అఖిల చూసింది.

అఖిల దోస్తు శ్రావణ్ వెంటనే లేచాడు. "తాళం పలగ్గొడ్దాం పా. ఏమైతే అదైతది."

"తాళం పలిగితే రేపు ఇంకోటి ఏస్తరు. రూలు మారితే ఏం ఏస్తరు?" అంది అఖిల.

రూలు మార్చాలంటే మూడోవంతు సభ్యుల సంతకాలు, పదిహేను రోజుల నోటీసు, సమావేశానికి వచ్చినవాళ్ళలో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. అఖిల, శ్రావణ్ నాలుగు రోజులు క్వార్టర్లన్నీ తిరిగి సంతకాలు తెచ్చారు.

తిరుపతి కాగితం అటూ ఇటూ తిప్పాడు. "పచ్చసిరా ఏంది బిడ్డా? పచ్చసిరాతోని గెజిటెడ్ ఆఫీసర్లు పెడ్తరు సంతకం. మీరెప్పుడైండ్రు ఆఫీసర్లు?"

మళ్ళీ తిరిగి నీలిసిరాతో తెచ్చారు. అలా తొమ్మిది రోజులు పోయాయి. ఈసారి అతను నవ్వుతూ రసీదు రాసిచ్చాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. అడ్డం పడే మనిషి కంటే నవ్వుతూ దారిచ్చే మనిషిని ఎక్కువ కనిపెట్టి ఉండాలి.

నోటీసు గడువు పదిహేను రోజులూ తీరాక, ఆదివారం ఉదయం సమావేశం. హాలు నిండింది. రిటైరైన కార్మికులు కిటికీల బయట నిలబడ్డారు, వాళ్ళలో ఓదెలు ఒకడు. రవళికి లోపలికి రావడానికి హక్కు లేదు. గుమ్మం బయట నిలబడింది.

తెర వెనక రెండు పాత హెల్మెట్లు. ఒకదాని మీద 'మార్పు కావాలి', ఇంకోదాని మీద 'వద్దు'. అఖిల నన్ను 'కావాలి'లో వేసింది. నా మీద బిళ్ళలు పడుతూ వచ్చాయి. మనిషికి ఒక్క చప్పుడు. చివరగా తిరుపతి వచ్చాడు. అతని చొక్కా జేబు బరువుతో కిందికి వేలాడుతోంది. పక్క హెల్మెట్లో గుప్పెడు బిళ్ళలు జారిన చప్పుడైంది. నాకు వినిపించింది. కానీ ఇత్తడికి నోరేదీ?

నంబర్లు కనపడకుండా బోర్లించి లెక్కపెట్టారు. కావాలి యాభై ఏడు, వద్దు ముప్ఫై ఎనిమిది. అరవై నాలుగు రావాలి. తీర్మానం వీగిపోయింది. గుమ్మం బయట రవళి చెప్పులు వేసుకుంటోంది.

అన్నీ బల్ల మీద కుప్పగా పోసి కలిపేశారు. మామూలుగా అయితే అందరూ మీదపడి ఎవరిది వాళ్ళు ఏరుకుంటారు. అఖిల హాలంతా ఒకసారి కలయజూసి చెయ్యెత్తింది.

"అన్నా, బాయి మీద పిలిచినట్టు నంబర్లు పిలుద్దాం. ఎవల బిళ్ళ వాళ్ళొచ్చి తీస్కుంటరు."

"ఇప్పుడవన్నీ ఎందుకు చెల్లె? అన్నం టైమైంది," అన్నాడు తిరుపతి.

"పిలువురా," కిటికీలోంచి ఓదెలు గొంతు. "పప్పేం ఉరికిపోదు."

నంబర్లు పిలిచారు. ఒక్కొక్కరే వచ్చి తీసుకున్నారు. నేను అఖిల చేతిలోకి వచ్చాను. చివరికి బల్ల మీద పదకొండు బిళ్ళలు మిగిలాయి. రెండేసిసార్లు పిలిచినా ఎవరూ లేవలేదు.

గుమ్మం వైపు కదిలినవాళ్ళు వెనక్కి తిరిగారు. మిగిలిన బిళ్ళ అంటే ఏమిటో ఆ ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"పదకొండు మంది లోపలే ఉన్నరు," అన్నాడు ఓదెలు. "మీటింగెట్ల లేస్తది?"

తిరుపతి తడబడ్డాడు. "అవి కోచింగ్‌కు హైదరాబాద్ పోయినోళ్ళయి కాకా. ఆఫీసుల పెట్టి పోయిండ్రు."

"పెట్టిపోతే డ్రాయర్ల ఉండాలె. హెల్మెట్లకెట్ల నడిసొచ్చినయ్?"

ఎవరో నవ్వారు. ఓదెలు నవ్వలేదు. "మీ నాయినా నేనూ ఒక్క షిఫ్టుల దిగినం తిరుపతీ. ఒకని బిళ్ళ ఇంకొకడు పట్టుకునుడు ఏ బాయిల నేర్సుకున్నవ్?"

పదకొండు బిళ్ళలను పక్కన పెట్టి మళ్ళీ ఓటు పెట్టారు. ఈసారి హెల్మెట్ల దగ్గర శ్రావణ్ కూర్చుని మనిషికొక చప్పుడే విన్నాడు. ఎనభై నాలుగు మందిలో అరవై ఒక్కరు కావాలన్నారు. ఇందాక వద్దన్నవాళ్ళలో నలుగురు సిగ్గుపడ్డారు. నాలుగో రూలు పోయింది.

అంతటితో అయిపోయిందనుకుంటే మీరు మనుషుల్ని ఎరగనట్టే. మర్నాడు దరఖాస్తు పట్టుకుని రవళి వస్తే తిరుపతి ఖాళీ గోనెసంచి దులిపి చూపించాడు. "రూలు మారింది, కాదంటలేను. బిళ్ళలు ఒడిసినయ్. బిళ్ళ లేంది గేటు తెరువరు కదా?"

మరో రెండు రోజులు పోయాయి. పరుగు పరీక్షకు ఇక మిగిలినవి ఇరవై నాలుగు రోజులు. మూడో రోజు పొద్దున్నే రవళి గేటు దగ్గరకు వచ్చింది. ఆమె చేతిలో నల్లటి గుండ్రటి ముక్క ఉంది. పనికిరాదని పారేసిన కన్వేయర్ బెల్టు రబ్బరును ఆమె తండ్రి గుండ్రంగా కోసి, ఇనుప ఊచ కాల్చి దాని మీద నంబరు వేశాడు. 301.

తిరుపతి దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "ఇది చెల్లది."

"ఏ రూలు కింద చెల్లదో రాసియ్యండి అన్నా," అంది రవళి. పక్కనే అఖిల పెన్ను మూత తీసి పట్టుకుంది. నీలిసిరా పెన్ను.

అతను రూళ్ళ పుస్తకం మొత్తం తిరగేశాడు. బిళ్ళ దేనితో చేయాలో అందులో ఎక్కడా లేదు. చాలాసేపు గడ్డం గీరుకున్నాడు. ఉన్నట్టుండి ముఖం విప్పారింది. తనే గేటు తీశాడు. తన చేత్తోనే ఆ రబ్బరు బిళ్ళను నా పక్క కొక్కేనికి తగిలించాడు.

"మంచిగ ఉరుకు చెల్లె. ఏమన్న అవుసరముంటే అన్నను అడుగు. ఇంక మీవోళ్ళు ఎంతమంది జేర్తరు?"

వచ్చే చైత్రంలో అధ్యక్ష ఎన్నికలు. ఆ సంగతి బోర్డు మీదున్న నాకు తెలుసు. రవళికీ తెలిసినట్టే ఉంది. బూట్ల తాళ్ళు బిగించుకుని పరుగు మొదలుపెట్టింది.