కోర్టు వదిలేసిన జీతం

నా జీతాన్ని కోర్టు జప్తు చేసిందని పరువు పోయినట్టు ఏడుస్తున్నారే, దయానందం, ఆరోగ్యమ్మత్తా, మీ ఇద్దర్నీ అడుగుతున్నాను: పెళ్లయిన నాటి నుంచీ ఆ జీతాన్ని మీరు జప్తు చేసుకున్నప్పుడు పోయిందెవరి పరువు?

నేను ఆసుపత్రిలో నర్సుని. రాత్రి డ్యూటీ దిగి, కంచరపాలెం వచ్చి, అందరికీ వండి పెట్టే నర్సుని. జీతాల రోజున నేను రాసిచ్చిన చీటీ పట్టుకుని నా మొగుడు కేషియరు కిటికీ దగ్గర నిలబడేవాడు. కవరు తెచ్చి బైబిలు మీద పెట్టేవాడు. అత్త కళ్లు మూసుకుని "నా బిడ్డ కష్టాన్ని దీవించు ప్రభువా" అనేది. బిడ్డంటే కొడుకు. నేను వంటింట్లోంచే ఆమేన్ అనేదాన్ని. మర్నాడు బస్సు చార్జీకి చెయ్యి చాచేదాన్ని. "మొన్నే కదే ఇచ్చేను, ఏటి సేత్తన్నావ్ డబ్బులు?" అనేవాడు.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు కదా, అందరూ కంట్రాక్టర్లే. ఈయనా దువ్వాడ దగ్గర ఓ షావుకారుకి అద్దె ఇళ్ల వరస కట్టాడు. ఇనుమూ సిమెంటూ అరువు. గోడలు బీటలిచ్చాయని షావుకారు బిల్లు ఆపేశాడు. నేను సరిగ్గానే కట్టానని ఈయన. మధ్యలో తన బాకీ రాలేదని ఇనుము కొట్టు వరహాలు కోర్టుకెక్కాడు. అరువు కాగితం మీద హామీ సంతకం నాది. చేతులనిండా చేప పొలుసుతో "ఇదేటి?" అనడిగితే, "సదవడం నీకెందుకే? ఉద్యోగస్తురాలి సంతకముంటేనే ఇనుమిస్తాడట" అన్నాడు. ఇనుముకి నా పేరు కావాల్సొచ్చింది. ప్రార్థనకి అక్కర్లేకపోయింది.

ఆసుపత్రికి జప్తు ఆర్డరు వచ్చిన రోజు, ఇక తిండికి కూడా మిగలదనుకున్నాను. హెడ్ క్లర్కు రమణమూర్తిగారు పిలిచారు.

"కూకో సిస్టరమ్మా. జీతమంతా పట్టుకోరు. అప్పు తీరేదాకా కొంత కోసి కోర్టుకి పంపుతాం. మిగతాది నీ బతుక్కి. దాన్ని వరహాలు కాదు గదా, ఆడి బాబు కూడా ముట్టుకోడానికి లేదు."

"నా బతుక్కనా? అలాగుందా?"

"సట్టంలోనే ఉందమ్మా."

"మరి నా మొగుడు ముట్టుకోవచ్చా?"

ఆయన పెన్ను ఆపి నవ్వేరు. "అది కోర్టు సెప్పదు తల్లీ. నువ్వే సెప్పాల. ఇన్నాళ్లూ నీ చీటీ సూసే కదా ఆయనకిచ్చీది."

మనిషి బతకడానికి కొంత వదలాలని నా ముఖమైనా చూడని కోర్టుకి తెలిసింది. పక్కలో పడుకునేవాడికి తెలియలేదు. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. నెత్తిమీది సిమెంటు బస్తా దించినట్టయింది. ఈసారి జీతాల రోజున చీటీ రాయలేదు. నేనే సంతకం పెట్టి, కవరు నేనే చింపాను. రైల్వే గేటు పడితే గూడ్సు బండి వెళ్లేదాకా నిలబడి వేడి బజ్జీలు తిన్నాను, ఒక్కదాన్నే.

ఇంటికొస్తే బైబిలు సిద్ధంగా ఉంది.

"కవరేదే?" అంది అత్త.

"నా దగ్గరుంది."

"కోర్టోలు కొంత, నువ్వు కొంత తీసుకుంటే మాకేటి మిగుల్తాదే?"

వినండి. ఇంటిఖర్చు ఇస్తాను, నా చేత్తో. దయానందం, నీ గోడలు గట్టివైతే రేపే వెళ్లి ఆ షావుకారు మీద దావా వెయ్యి. కాకపోతే కూలికెళ్లు. కోర్టుకి పోయిన నా జీతం నాకు తిరిగియ్యాలి. అత్తా, ప్రార్థన మళ్లీ మొదలుపెట్టు. "నా కోడలు జయమణి కష్టాన్ని" అను, పేరు పెట్టి, గట్టిగా. ఆమేన్ నేనిక్కడే, ముందుగదిలో కూర్చుని అంటాను.