టిప్పుకు ఆకురాయి

సీసం కరిగించి అతికే ఆ సోల్డరింగ్ స్టేషన్‌ను చూస్తే నాకు మొదటి రోజు నుంచే ఒళ్లుమంట. బత్తలపల్లెలో ముప్పై ఏళ్లుగా బోరు మోటార్ల స్టార్టర్ బోర్డులు బాగుచేస్తున్నాను. అన్నేళ్లూ పాతరకం సోల్డరింగ్ ఐరన్‌తోనే. ప్లగ్గు పెడితే కాలుతుంది, తీస్తే చల్లారుతుంది. వేడి ఎంతుందో నా ముక్కుకు తెలుసు. నాకెందుకు అంకెలు చూపించే పెట్టె? నా భార్య కృపాకుమారి వింటేనా! ఈ కాలం బోర్డుల్లో అన్నీ ఆవగింజంత భాగాలు, వేడెక్కువైతే మాడిపోతాయని అనంతపురం లాక్కెళ్లింది. నేను చౌకరకం చూపిస్తే, వేడిని తనంతట తానే సర్దుకునేది, ఐరన్ కొసకు తగిలించే టిప్పులు విడిగా దొరికేది కావాలని పట్టుబట్టి ఇది కొనిపించింది.

పది రోజులు కాలేదు, దరిద్రం మొదలైంది. పెట్టె మీద అంకె మూడు వందల యాభై. సీసం ఆనిస్తే టిప్పుకు అంటదు, ఉండకట్టి బల్ల మీద పడుతుంది. నాలుగు వందలకు పెంచాను. నాలుగు వందల ఎనభై చేశాను. ఊహూ. టిప్పు నల్లగా గుంటలు పడి పుచ్చిపన్నులా తయారైంది. చూస్తేనే రోత. అమ్మినవాణ్ణి, తయారుచేసినవాణ్ణి, కొనిపించినదాన్ని వరసబెట్టి తిట్టాను.

ఆ కోపంలోనే రామప్ప బోర్డు పట్టుకున్నాను. ఆయనకు మూడు బోర్లు ఎండిపోగా మిగిలింది ఒక్కటి. ఈ బోర్డు దానిదే. తోటలో చీనీ, అదే బత్తాయి చెట్లు కాయ మీదున్నాయి, నాలుగు రోజులుగా నీళ్లు లేవు. బోర్డు చేసిన కంపెనీ మూతపడింది, ఇంకొకటి దొరకదు. అంటని టిప్పును అదిమి పట్టాను. కమురు వాసన వచ్చింది. బోర్డు మీది రాగిరేకు పొట్టులా లేచి ఊడిపోయింది.

కృపాకుమారి ఆ పెట్టె కొన్న అంగడికి ఫోన్ చేసింది. రెండు మాటలు విని నావైపు తిరిగింది.

"టిప్పును ఆకురాయితో రుద్దినావా?"

"రుద్దకుండా పని ఎట్ల మొదలుపెడ్తారు? ప్రార్థన చేసుకుని దినామూ నాలుగు రుద్దులు రుద్దుతాండా. మా మేస్త్రీ నేర్పినాడు."

"అది పాత రాగి బిట్టుకు. దీనికి పైన ఇనుము పూత ఉండాదంట. అది పోతే టిప్పు సచ్చినట్లే. డబ్బాలో కొత్తది ఉండాది, పెట్టు. రేకు ఊడినకాడ సన్నతీగ అతికించు. బోర్డు బతుకుతాది."

కొత్త టిప్పు పెట్టడమంటే ఇన్నాళ్లూ తిట్టాల్సింది నన్నే అని ఒప్పుకోవడం. నాకు చేతులు రాలేదు. అంతలో రామప్ప వచ్చాడు.

"ఏమప్పా జాకబూ, అయినాదా?"

"లేదన్నా. అది ముందే కాలిపోయినాది. ఏమీ చేసేకి కాదు."

రామప్ప బోర్డును చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్వే కాదంటే ఇంగెవురు చేస్తార్లే," అని బోర్డును తువ్వాలులో చుట్టుకుని బస్సు కోసం నడిచాడు.

కృపాకుమారి అన్నంలో పురుగును చూసినట్టు నన్ను చూసింది. నా మీద నాకే అసహ్యమేసింది. డబ్బా మూత తీసి కొత్త టిప్పు పెడితే సరిపోయేదానికి, మనిషి తోటను ఎండబెట్టడానికి సిద్ధపడ్డాను. ఛీ. లేచి పరుగెత్తాను.

"అన్నా, అబద్ధం చెప్పినా. నేనే కాల్చినా. ఇటియ్యి, చేసిస్తా."

రామప్ప నన్ను ఎగాదిగా చూశాడు. నాలుగు తిట్టినా బాగుండేది. బోర్డు చంకలో పెట్టుకుని నా వెంట వచ్చాడు. ఎప్పుడూ బోర్డు బల్ల మీద పడేసి టీకి పోయే మనిషి, ఆ రోజు స్టూలు నా పక్కకు లాక్కుని కూర్చున్నాడు.

కొత్త టిప్పు మీద సీసం నీళ్లలా పారింది. తీగ అతికించాను, కరెంటు ఇచ్చి చూశాను. పచ్చలైటు వెలిగింది.

"బాగైపోయినాదన్నా," అన్నాను.

రామప్ప నావైపు చూడలేదు. కృపాకుమారి వైపు తిరిగాడు.

"నిజమేనామ్మా?" అని అడిగాడు.